నడిమధ్య నుంచి 60 గజాలు: దూకుడు డిఫెన్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న మా ఊళ్ళలో శుక్రవారం రాత్రి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే చిన్నపాటి జాతర. మావాడు మూడేళ్ళుగా డిఫెన్స్‌లో (అవతలి జట్టును ఆపే పక్షంలో) లైన్‌బ్యాకర్‌గా ఆడుతున్నాడు. స్టాండ్స్‌లో మన తెలుగువాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు, వాళ్ళతోపాటు ప్రశ్నలూ పెరుగుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇది: "మనవాళ్ళు అంతగా మీదపడి ఆడుతున్నారు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని నాలుగుసార్లు కింద పడేశారు. మరి ఆ ఒక్కడు నడిమధ్య నుంచి 60 గజాలు ఎలా పోయాడండీ?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

మధ్యలోంచి అంటే సరిగ్గా ఎక్కడి నుంచి?

బంతి పక్కన అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న జట్టు) తరఫున ఐదుగురు భారీ మనుషులు వరుసగా వంగి ఉంటారు. నడుమ సెంటర్, అతనికి చెరో పక్కన గార్డులు, వాళ్ళ పక్కన ట్యాకిల్స్. మనిషికీ మనిషికీ మధ్య సందును గ్యాప్ అంటారు. సెంటర్‌కీ గార్డుకీ నడుమ ఉన్నది ఎ గ్యాప్. గార్డుకీ ట్యాకిల్‌కీ నడుమ ఉన్నది బి గ్యాప్. ట్యాకిల్‌కి బయట ఉన్నది సి గ్యాప్. రెండు పక్కలా కలిపితే ఆరు సందులు, లైన్ చివర టైట్ ఎండ్ అనే ఇంకొకడు వచ్చి చేరితే ఏడు. రెండు ఎ గ్యాపులు, రెండు బి గ్యాపులు, ఈ నాలుగింట్లో ఎక్కడి నుంచి దూరినా మధ్యలోంచి పరుగే.

మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు. ఆ ఐదుగురూ ఆక్రమించే జాగా సుమారు ఆరు గజాలు. ఈ పేజీలో చెప్పేదంతా ఆ ఆరు గజాల గొడవే.

అంచుల వెంట పోయే పరుగుల కంటే మధ్యలోంచి పోయేవి ఎందుకంత ప్రమాదం?

అంచున పరుగెత్తేవాడికి ఒక పక్క సైడ్‌లైన్ ఉంటుంది. అది జీతం తీసుకోని పన్నెండో డిఫెండర్. వాడిని అటు నెట్టుకుంటూ పోతే చాలు, ఆట ఆగిపోతుంది. మధ్యలో ఆ గోడ లేదు. లైన్‌ దాటాడంటే కుడికీ తిరగొచ్చు, ఎడమకీ తిరగొచ్చు, నేరుగానూ పోవచ్చు. గోల్ లైన్‌కి దగ్గరి దారి కూడా అదే.

రెండో సంగతి, అంచెలు. డిఫెన్స్‌లో మొదటి అంచె లైన్, రెండో అంచె లైన్‌బ్యాకర్లు, మూడో అంచె సేఫ్టీలు. పక్కల్లో కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌లు పాస్ అందుకునే రిసీవర్ల వెంట దూరంగా పోయి ఉంటారు. మొదటి రెండు అంచెలూ మధ్యలో తెగాయంటే ఎదురుగా మిగిలేది ఒక్క సేఫ్టీ, మహా అయితే ఇద్దరు. బంతి పట్టుకుని పరుగెత్తే మంచి రన్నింగ్ బ్యాక్ 40 గజాలను నాలుగున్నర సెకన్లలో దాటేస్తాడు. వెనక నుంచి వెళ్ళి పట్టుకోవడం జరిగే పని కాదు.

దూకుడుగా ఆడితే ఎక్కువ ఆపాలి కదా, ఎక్కువ ఇవ్వడమేంటి?

దీన్ని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పల్లీలతో, శనగలతో చూపిస్తుంటాను. పల్లీలు అఫెన్స్, శనగలు డిఫెన్స్. ఐదు పల్లీలు వరుసగా పెట్టి, ఆరు సందులకూ ఎదురుగా ఆరు శనగలు పెట్టండి. పరుగెత్తేవాడు ఎటు వచ్చినా ఒక శనగ తగులుతుంది. ఇప్పుడు నడుమనున్న శనగ ఒకదాన్ని సందులోంచి ముందుకు తోసి, పల్లీల వెనక్కి చేర్చండి. దూకుడు అంటే ఇదే. బంతి పట్టుకున్నవాడు అక్కడే దొరికితే రెండు మూడు గజాలు నష్టపోతాడు, స్టాండ్స్ మోగిపోతాయి.

కానీ వాడు ఆ శనగకు ఒక్క అడుగు పక్కనుంచి వచ్చాడనుకోండి. శనగ ఎక్కడి నుంచి కదిలిందో అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు. చొరబడ్డవాడు మొదట ఆగాలి, తర్వాత వెనక్కి తిరగాలి, ఆ తర్వాత తరమాలి. ఆ మూడు పనులయ్యేలోపు పరుగెత్తేవాడు పది గజాలు దాటి ఉంటాడు. వెనకున్న లైన్‌బ్యాకర్ కూడా అదే ఊపులో అదే సందులోకి దూరి ఉంటే ఒక సందుకు ఇద్దరు కాపలా, పక్క సందుకు దిక్కులేదు. నేను చూసిన పెద్ద పరుగుల్లో సగానికి పైగా ఇలా ఇద్దరు ఒకే సందులో ఇరుక్కున్నవే.

కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గొలుసు పట్టుకుని ఉన్నంతసేపూ రైడర్‌కి దారి దొరకదు. ఒక్కడు తొందరపడి చెయ్యి వదిలేసి కాలి మీదికి దూకితే, దొరికితే పాయింటు, తప్పితే వాడు వదిలిన చోటు నుంచే రైడర్ గీత దగ్గరికి జారిపోతాడు. దూకినవాడు బలహీనుడని కాదు. గొలుసు తెగింది, అంతే.

బ్లిట్జ్ చేసినప్పుడే ఇలా జరుగుతుందా?

ఎక్కువగా అప్పుడే. లైన్‌బ్యాకర్ తన చోటు వదిలి లైన్‌ గుండా చొరబడటాన్ని బ్లిట్జ్ అంటారు. రెండో అంచెలోని మనిషి మొదటి అంచెలోకి వచ్చేశాడు కాబట్టి వెనక అంత మేర పలచబడుతుంది. కోచ్ ముందే లెక్కేసుకుని వేసే పందెం ఇది. మిగతావాళ్ళు ఆ ఖాళీని సర్దుకుంటే ఇబ్బంది లేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో, మైక్ జిమ్మర్ కోచింగ్‌లో మిన్నెసోటా వైకింగ్స్ ఇద్దరు లైన్‌బ్యాకర్లను రెండు ఎ గ్యాపుల్లోనూ నిలబెట్టేది. ఇద్దరూ మీదికి వస్తారో, ఒకరే వస్తారో, బంతి కదిలాక ఇద్దరూ వెనక్కి పోతారో అఫెన్స్‌కి తెలిసేది కాదు. బెదిరింపుతోనే సగం పని జరిగిపోయేది. హైస్కూల్ పిల్లలు దీన్ని టీవీలో చూసి నకలు చేస్తారు, కాకపోతే ప్రతిసారీ ఇద్దరూ దూకేస్తారు. మూడోసారికల్లా అవతలివాళ్ళకు ఆనవాలు దొరుకుతుంది.

ట్రాప్, వామ్, డ్రా అని వింటుంటాం. ఇవేంటి?

మూడూ ఒక ఊహ మీద నడిచేవే: నీ దూకుడునే నీ మీద వాడుకోవడం.

ట్రాప్‌లో ఒక డిఫెన్సివ్ లైన్‌మన్‌ని కావాలనే ఎవరూ ఆపరు. ఎదురుగా ఉన్న గార్డు అతణ్ణి పట్టించుకోకుండా లైన్‌బ్యాకర్ మీదికి పోతాడు. దారి ఖాళీగా కనబడగానే ఆ కుర్రాడు ఆశగా లోపలికి దూకుతాడు. ఈలోగా అవతలి పక్క గార్డు లైన్ వెనక నుంచి అడ్డంగా పరుగెత్తుకొచ్చి, పక్కటెముకల వైపు నుంచి ఢీకొని బయటికి తోసేస్తాడు. ఆ డిఫెన్సివ్ లైన్‌మన్ ఎక్కడి నుంచి కదిలాడో ఆ చోటు నుంచే బంతి వెళ్ళిపోతుంది. వామ్ కూడా ఇదే, కాకపోతే ఢీకొట్టేది గార్డు కాదు, టైట్ ఎండో ఫుల్‌బ్యాకో (రన్నింగ్ బ్యాక్‌తోపాటు లైన్ వెనక నిలబడే ఇంకొకడు). డ్రా అంటే పాస్ వేస్తున్నట్టు నటన. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి అడుగులు వేస్తాడు, డిఫెన్స్ అతని మీదికి ఉరుకుతుంది, అప్పుడు బంతి మెల్లగా రన్నింగ్ బ్యాక్ చేతిలో పెడతాడు.

2011 అక్టోబర్ 16న డెట్రాయిట్‌లో జరిగిన మ్యాచ్ దీనికి పాఠం లాంటిది. అప్పటికి డెట్రాయిట్ లయన్స్ ఐదు ఆడి ఐదూ గెలిచి ఉన్నారు. ముందు వరుసలో ఎన్‌డామకాంగ్ సూ ఉన్నాడు, ఆ ఏడాదికి ముందు సీజన్లో లీగ్‌లో ఉత్తమ కొత్త డిఫెన్సివ్ ఆటగాడిగా ఎంపికైనవాడు. అతణ్ణి ఎదురుగా ఆపడం కష్టమని శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ ఆపే ప్రయత్నమే మానేసి, లోపలికి రానిచ్చి, పక్క నుంచి కొట్టారు. వాళ్ళ రన్నింగ్ బ్యాక్ ఫ్రాంక్ గోర్ 15 సార్లు బంతి పట్టి 141 గజాలు పరుగెత్తాడు, ఫార్టీనైనర్స్ 25-19తో గెలిచారు. మ్యాచ్ అయ్యాక కోచ్‌లిద్దరూ చేతులు కలిపేటప్పుడు జరిగిన రగడే చాలామందికి గుర్తుంది. నాకు మాత్రం ఆ సందులే గుర్తు.

ఇంకొకటి, 2020 జనవరి 19. ఎన్‌ఎఫ్‌సి (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో అదే ఫార్టీనైనర్స్, ఎదురుగా గ్రీన్ బే ప్యాకర్స్. ప్యాకర్స్‌కి రెండు అంచుల్లోనూ ప్రెస్టన్ స్మిత్, జడేరియస్ స్మిత్, ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌ మీద పడటంలో ఆ సీజనంతా చెలరేగినవాళ్ళే. మూడో డౌన్ (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 8 గజాలు కావాలి. ఎవరైనా పాస్ వస్తుందనే అనుకుంటారు. బంతి రన్నింగ్ బ్యాక్ రహీమ్ మోస్టర్ట్ చేతికిచ్చి లోపల నుంచి పంపారు. 36 గజాలు, నేరుగా గోల్ లైన్ దాటి టచ్‌డౌన్. ఆ రాత్రి అతను 220 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరాపలో మ్యాచ్ మొత్తంలో వేసిన పాసులు ఎనిమిదంటే ఎనిమిది.

"వైడ్ నైన్" వల్లే మధ్యలో ఖాళీ వస్తుందంటారు, నిజమేనా?

వైడ్ నైన్‌లో అంచునుండే డిఫెన్సివ్ ఎండ్‌లు టైట్ ఎండ్ నిలబడే చోటుకు కూడా బయట, బాగా ఎడంగా నిలబడతారు. క్వార్టర్‌బ్యాక్ మీదికి వాలుగా వేగం పట్టి రావడానికి అది మంచి చోటు. దానికి చెల్లించే ధర, లోపల బి గ్యాపులు విశాలమవుతాయి, వాటి భారం లైన్‌బ్యాకర్ల మీద పడుతుంది.

2011లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ దీన్ని తెచ్చుకుంది. ఆ సీజన్లో 50 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లను పడేసింది. అయినా మొదటి ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడింది. అందులో ఒకదాంట్లో, పైన చెప్పిన ఫార్టీనైనర్స్ మీదే, 23-3 ఆధిక్యం చేతులారా పోగొట్టుకుని 24-23తో ఓడిపోయింది. అయితే పద్ధతిది తప్పని నేననను. డెట్రాయిట్‌లో పైన చెప్పిన దెబ్బ తిన్న కోచ్ జిమ్ ష్వార్ట్జ్, ఇదే దూకుడు లైన్‌ని నమ్ముకుని, ఈగిల్స్ డిఫెన్స్ నడిపిస్తూ 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. ఆ మ్యాచ్‌ చివర్లో అవతలి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతిలోంచి బంతి ఊడగొట్టింది కూడా ఆ లైన్‌లోని బ్రాండన్ గ్రహమే. లైన్‌ అంత వెడల్పుగా నిలబడితే వెనకున్న లైన్‌బ్యాకర్లకు ఓపిక, చూపు రెండూ ఉండాలి. అవి లేనప్పుడే ఇల్లు కూలుతుంది.

ఒక డిఫెన్స్ మ్యాచ్ అంతా బాగా ఆడి రెండు పరుగుల వల్లే ఓడిపోగలదా?

గలదు. నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది.

2025 జనవరి 19, ఫిలడెల్ఫియా, మంచు కురుస్తోంది. ఈగిల్స్ మీద ప్లేఆఫ్ (నాకౌట్ మ్యాచ్) ఆడుతున్న లాస్ ఏంజెలిస్ రామ్స్. డిఫెన్సివ్ లైన్ తార ఆరన్ డోనాల్డ్ 2024 మార్చిలో రిటైరయ్యాక రామ్స్ ముందు వరుసను జేరెడ్ వర్స్, బ్రేడెన్ ఫిస్క్ లాంటి కొత్త కుర్రాళ్ళతో నింపారు. వేగంగా చొచ్చుకుపోయే రకం, చూడముచ్చటైన ఆట. ఈగిల్స్ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ ఆ రోజు 26 సార్లు బంతి పట్టి 205 గజాలు పరుగెత్తాడు. అందులో ఒకటి 62 గజాలు, ఇంకొకటి 78, రెండూ టచ్‌డౌన్లే. ఆ రెంటినీ పక్కన పెట్టి లెక్కేయండి: 24 పరుగుల్లో 65 గజాలు. పరుగుకు మూడు గజాలు కూడా లేదు. అంటే 24 సార్లు రామ్స్ కుర్రాళ్ళు తమ పని చక్కగా చేశారు. రెండుసార్లు గొలుసు తెగింది. ఈగిల్స్ 28-22తో గెలిచారు.

దీనికి రెండు నెలల ముందు, నవంబర్ 24న ఇదే రామ్స్ మీద బార్క్‌లీ 255 గజాలు పరుగెత్తాడు. అందులోనూ 70 గజాలది ఒకటి, 72 గజాలది ఒకటి. 70 గజాల పరుగు రెండో సగంలో మొట్టమొదటి ఆటకే వచ్చింది.

పేపర్లో సగటు చూసి డిఫెన్స్ దారుణం అనేయడం తేలిక. ఒక్కో ఆటనూ విడిగా చూస్తే కథ మారిపోతుంది. మా పిల్లల మ్యాచ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

బంతి ఎటు పోతుందో చూసి అటే అందరూ పరుగెత్తాలి కదా? అది తప్పెలా అవుతుంది?

అందరూ పరుగెత్తాలి, కానీ ఒకే దారిలో కాదు. 1984 జనవరి 22న టాంపాలో జరిగిన సూపర్ బౌల్ చూడండి. ఆ సీజన్లో పరుగును ఆపడంలో లీగ్‌లోనే మొదటి స్థానం వాషింగ్టన్‌ది. మూడో క్వార్టర్ చివరి ఆటలో రైడర్స్ రన్నింగ్ బ్యాక్ మార్కస్ ఆలెన్ ఎడమకు పోయాడు. వాషింగ్టన్ వాళ్ళందరూ అటే కమ్ముకొచ్చారు, సేఫ్టీ కూడా పైకి దూకి దారి మూసేశాడు. ఆలెన్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. అందరూ అటు పోయారు కాబట్టి మైదానం నడుమ ఒక వీధి తెరుచుకుంది. ఆ వీధిలోంచి 74 గజాలు. రైడర్స్ 38-9తో గెలిచారు, ఆలెన్ మొత్తం 191 గజాలు.

పరుగెత్తేవాడు వెనక్కి తిరిగితే ఎవరు పట్టుకోవాలనేది ముందే ఒకరికి అప్పజెప్పి ఉంచాలి. ఆ పని అప్పగించిన కుర్రాడికి మ్యాచ్‌లో నలభైసార్లు చేతినిండా పనుండదు, నలభై ఒకటోసారి వాడొక్కడే జట్టును కాపాడతాడు. మా అసిస్టెంట్ కోచ్ ఒకాయన ఆ కుర్రాడి పేరు ప్రతి ప్రాక్టీసులోనూ గట్టిగా పిలుస్తాడు, ఏమీ చేయని ఆటకు కూడా "బాగా చేశావు" అంటాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం.

చివర్లో పట్టుకోలేకపోయింది సేఫ్టీ. తప్పు అతనిదే కదా?

అందరికీ కనబడేది అతనే కాబట్టి తిట్లన్నీ అతనికే. నిజానికి అతని దగ్గరికి బంతి వచ్చేసరికే ఇద్దరు ముగ్గురు తమ చోట్లు వదిలేసి ఉంటారు. ఖాళీ మైదానంలో పూర్తి వేగంతో వచ్చేవాణ్ణి ఒక్కడే ఆపడం ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన పని.

అలాగని సేఫ్టీకి ఏ బాధ్యతా లేదనను. పది పన్నెండు గజాల వెనక నిలబడ్డవాడు బంతి కదలగానే ముందుకు దూకకూడదు. దూకుడు జట్లలో సేఫ్టీలకు కూడా ఆ గాలి సోకుతుంది. లైన్ దగ్గరికి వచ్చి గట్టిగా కొట్టాలని చూస్తారు, ఆ ఊపులో పరుగెత్తేవాడు పక్కనుంచి తప్పించుకుపోతాడు. సేఫ్టీ తొందరపడకుండా, వాణ్ణి ఒక పక్కకు మళ్ళిస్తూ, 15 గజాల దగ్గర పడేసినా అది గెలుపే. 15 గజాలు పోతే ఆట మిగిలి ఉంటుంది. 60 పోతే బోర్డు మీద అంకె మారుతుంది.

ఇది చోటు తప్పడమా, పట్టు తప్పడమా అని ఎలా తెలుస్తుంది?

రెండూ వేరు. పరుగెత్తేవాడి ఒంటి మీద ఎవరి చెయ్యీ పడకుండా 20 గజాలు పోయాడంటే ఎవరో చోటు వదిలారు. చేతులు పడి కూడా జారిపోయాడంటే పట్టు సరిగా లేదు.

పట్టు తప్పడానికి అందరూ చెప్పుకునేది 2011 జనవరి 8న సియాటిల్‌లో సీహాక్స్ రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్ పరుగు. అంతకు ముందు ఏడాది సూపర్ బౌల్ గెలిచిన న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద 67 గజాలు. లైన్‌ గుండా బయటపడి, మీద పడ్డవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని విదిలించుకుంటూ పోయాడు. ప్రేక్షకులు ఎగిరి గంతులేస్తే ఆ కదలిక దగ్గర్లోని భూకంప పరికరంలో నమోదైంది. అక్కడ మనుషులు చోట్లలోనే ఉన్నారు, భుజాల దగ్గర పట్టుకోబోయారు. నడుము కింద చుట్టేసి, తల పైకెత్తి, కాళ్ళు ఆడిస్తూ పట్టుకుంటే సగం మంది ముందే ఆపేవారు. పిల్లలకు తల పైకెత్తమని చెప్పేది మెడ భద్రత కోసం కూడా. ఈ ఒక్క విషయంలో ఇంట్లో మనం కూడా పదే పదే గుర్తు చేయాలి.

మా అబ్బాయి మిడిల్ లైన్‌బ్యాకర్. మధ్యలోంచి పోయిందంటే వాడే కారణం అంటున్నారు.

పోయిన సీజన్లో మావాడి మీద కూడా ఇదే మాట పడింది. అవతలి జట్టు వింగ్-టి ఆడేవాళ్ళు. అది 1950ల నుంచి ఉన్న పాత పద్ధతి, హైస్కూళ్ళలో ఇప్పటికీ నడుస్తోంది. అందరూ ఒక పక్కకు పరుగెడుతున్నట్టు నటిస్తారు, ఫుల్‌బ్యాక్ మాత్రం బంతి పొట్టలో దాచుకుని నడిమధ్య నుంచి వస్తాడు. రెండో క్వార్టర్లో సరిగ్గా అదే జరిగింది, 58 గజాలు పోయాడు. మా వెనక వరసలో ఎవరో మావాడి నంబరు పెట్టి గట్టిగా అరిచారు. మా ఆవిడ చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. పెరుగన్నంలో మాగాయ కలుపుకుని తింటూ లాప్‌టాప్ తెరిచాడు. ఆ ఆటను ఒక్కొక్క ఫ్రేమూ ముందుకు జరిపాడు. "నాన్నా, ఇక్కడ గార్డు కాలు చూడు" అన్నాడు. గార్డు కుడి పాదం ఒక జానెడు వెనక్కి జరిగింది, అడ్డంగా పరుగెత్తబోతున్నాడని అదే గుర్తు. మావాడు ఆ క్షణాన గార్డును చూడటంలేదు, బంతి ఉన్నట్టు నటిస్తున్నవాణ్ణి చూస్తున్నాడు. ఒక అడుగు అటు వేశాడు. ఇంకో రెండు ఫ్రేములు వెనక్కి వెళితే మరొకటి కనబడింది. ముందు, సెంటర్‌కి ఎదురుగా నిలబడే మా నోస్ ట్యాకిల్ ఇద్దర్ని తన మీదికి లాక్కుని నిలబడాల్సింది, ఒకణ్ణి చేత్తో తప్పించుకుని వెనక్కి దూకాడు. వాడు వదిలేసిన సెంటర్ నేరుగా మావాడి మీదికి వచ్చాడు. అంటే తప్పు ఇద్దరిదీ, చెరి సగం.

మీ అబ్బాయికి చెప్పండి, మొదటి చూపు బంతి మీద కాదు, గార్డుల మీద. గార్డు తల పైకి లేస్తే పాస్ కావచ్చు. తల కిందికే ఉండి ముందుకు వస్తే పరుగు. అడ్డంగా కదిలితే అతను ఎటు పోతే అటు పోవాలి, బంతి అక్కడికే వస్తుంది. వెనకనున్నవాళ్ళు ఎన్ని నాటకాలైనా ఆడగలరు, గార్డులు అబద్ధమాడటం కష్టం.

మరి దూకుడు తగ్గించమని కోచ్‌ని అడగాలా?

వద్దు. వెనక్కి తగ్గి నిలబడే డిఫెన్స్ 60 గజాలు ఒక్కసారి ఇవ్వకపోవచ్చు, ఐదేసి గజాలు పన్నెండుసార్లు ఇస్తుంది. నాకు దూకుడు డిఫెన్సే ఇష్టం, పిల్లలు కూడా అప్పుడే ఉత్సాహంగా ఆడతారు. కావలసింది ఒక క్రమం.

ప్రతి సందుకూ ఒక యజమాని ఉండాలి. ఒకడు తన సందు వదిలి పక్క సందులోకి దూరాడంటే, ఆ వెనకున్నవాడు వెంటనే వదిలిన సందులోకి రావాలి. ఇది మాటల్లో తేలికే, కాళ్ళకు రావడానికి వారాలు పడుతుంది. లైన్‌మన్‌లకు నేర్పాల్సింది ఒక అనుమానం: ఎవరూ నిన్ను ఆపకపోతే సంతోషపడకు, ఆగి లోపలి పక్కకు చూడు, ఎవడో నీ మీదికి వస్తున్నాడు. వస్తున్నవాడికి ఛాతీ చూపించకుండా, బయటి భుజంతో అతని లోపలి పక్కకు దూరి కలబడాలి. అలా చేస్తే ఆ సందు మూసుకుపోయి, పరుగు బయటికి మళ్ళుతుంది, అక్కడ సైడ్‌లైన్ ఉంటుంది.

కోచ్ చేతిలో ఉన్నది ఇంకొకటి. ఎప్పుడూ ఒకే సమయానికి బ్లిట్జ్ చేస్తే అవతలివాళ్ళు కనిపెట్టేస్తారు. మూడో డౌన్‌కి ఇంకా చాలా గజాలు కావాల్సినప్పుడు ప్రతిసారీ ఉరికే జట్టుకు డ్రా ఆట ఒకటి పక్కన పెట్టుకునే వస్తారు. అప్పుడప్పుడు ఉరికేలా కనిపించి ఆగిపోవడం కూడా దూకుడే.

పక్క నుంచి వచ్చి ఢీకొట్టడం నిబంధనలకు విరుద్ధం కాదా?

కాదు. వీపు మీద తోయడం మాత్రం తప్పు, దానికి పసుపు జెండా పడుతుంది. ట్రాప్‌లోలా లైన్ దగ్గర ముందు నుంచో, పక్క నుంచో వస్తే సరే.

స్టాండ్స్‌లో ఎక్కడ కూర్చుంటే ఇదంతా కనబడుతుంది?

అందరూ 50 గజాల గీత దగ్గర సీట్ల కోసం తొందరపడతారు. అక్కడి నుంచి పాసులు బాగా కనబడతాయి, సందులు కనబడవు, అందరూ ఒకరి మీద ఒకరు ఉన్నట్టుంటుంది. నేనైతే గోల్ స్తంభాల వెనక, మూలకు దగ్గరగా, పై వరసలో కూర్చుంటాను. అక్కడి నుంచి ఆరు సందులూ ఆరు తలుపుల్లా కనిపిస్తాయి. బంతి కదిలేముందు ఎవరు ఏ తలుపు దగ్గర ఉన్నారో లెక్క పెట్టుకోండి. బంతి కదిలాక రెండు క్షణాలు బంతిని చూడకుండా గార్డులనే చూడండి. నాలుగైదు మ్యాచ్‌లకు కన్ను అలవాటు పడుతుంది, తలుపు తెరుచుకోవడం పరుగెత్తేవాడి కంటే ముందే మీకు కనబడుతుంది. నవంబర్లో ఆ మూల గాలి కోసేస్తుంది, ఒక దుప్పటీ, ఫ్లాస్కులో టీ తెచ్చుకోండి.